చేప పొడవు, చట్టం కొలత: మరణానంతర మార్పులు – ఓరుగల్లు చెరువుల నేపథ్యం

వ్యాససంగ్రహం

చేపలవేటను క్రమబద్ధం చేసే నియమాలలో కనీసపొడవు ఒకటి. నిర్ణీతపొడవుకు తక్కువైన చేపను పట్టరాదు, అమ్మరాదు అన్నది దాని సారాంశం. చూపునకు ఇది ఒక అంకె మాత్రమే. అయితే చేప శరీరం ప్రాణం పోయిన తరువాత కొయ్యబారుతుంది, ముడుచుకొంటుంది, మంచులో కుదించుకొంటుంది. నీటిలో చట్టానికి లోబడి ఉన్న చేప, అంగడికి చేరేసరికి చట్టాన్ని అతిక్రమించినట్లు కనిపించే అవకాశం ఉంది. ఈ మార్పుకు గల కారణాలను, కనీసపొడవు నియమాల వెనుక ఉన్న తర్కాన్ని, ఆ తర్కం ఓరుగల్లు ప్రాంతపు చెరువులకు ఎంతవరకు వర్తిస్తుందన్న విషయాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది. పొడవును నిర్దేశించే తెలుగు నియమపాఠాలలో ఉండవలసిన స్పష్టతను కూడా చర్చిస్తుంది.

కీలకపదాలు: చేప పొడవు, మరణకాఠిన్యం, కనీసపొడవు నియమం, వల కన్ను, చేపపిల్లల పంపిణీ, కొరమీను, ఓరుగల్లు చెరువులు.

1. ఉపోద్ఘాతం

ఓరుగల్లు ప్రాంతానికి చెరువే జీవనాధారం. కాకతీయుల కాలంలో నిర్మితమైన పాకాల, రామప్ప, లక్నవరం వంటి జలాశయాలు నేటికీ పంటలకు నీరిస్తున్నాయి, చేపలకు ఆశ్రయమిస్తున్నాయి. 2015లో మొదలైన మిషన్ కాకతీయ కింద రాష్ట్రంలో 46 వేలకు పైగా చెరువులను గుర్తించి పునరుద్ధరణ చేపట్టారు. నీరు నిలిచిన చోట చేపలపెంపకం కూడా విస్తరించింది. ముదిరాజ్, గంగపుత్ర, బెస్త వంటి మత్స్యకార కులాలకు చెందిన కుటుంబాలు సహకార సంఘాల ద్వారా ఈ చెరువులపై ఆధారపడి జీవిస్తున్నాయి.

తెలుగువారు పొడవును తమ శరీరంతోనే కొలిచారు. బెత్తెడు, జానెడు, మూరెడు, బారెడు అన్న మాటలన్నీ చేతికి సంబంధించినవే. చేపను గురించి చెప్పేటప్పుడు కూడా వేలెడు పిల్ల, మూరెడు చేప అనడం వాడుక. ఇంగ్లీషు నుంచి వచ్చిన ఫింగర్లింగ్ అన్న మాటలోనూ ఉన్నది వేలే. ఈ కొలతలలో కొంత సడలింపు సహజంగానే ఉంటుంది. మూరెడు చేప అంగుళం తగ్గినా మూరెడు చేపే. మిల్లీమీటర్లలో రాసిన నియమానికి ఆ సడలింపు లేదు. 230 అని రాసిన చోట 229 తక్కువే. కొలిచే సాధనం స్థిరపడింది గాని కొలవబడే శరీరం స్థిరపడలేదు. సమస్య అంతా ఇక్కడే ఉన్నది.

2. ప్రాణం పోయిన చేపలో జరిగే మార్పులు

చేప కండరంలో ఆక్టిన్, మయోసిన్ అనే రెండు రకాల ప్రోటీను పోగులు ఒకదానిపై ఒకటి జారుతూ ఉంటాయి. ఈ జారుడు వల్లనే కండరం ముడుచుకొంటుంది, సడలుతుంది. ముడుచుకొనడానికే కాదు, సడలడానికి కూడా శక్తి కావాలి. ఆ శక్తిని ఏ.టి.పి. అనే అణువు అందిస్తుంది. చేప చనిపోయిన తరువాత శ్వాస ఆగుతుంది. కండరంలో నిలువ ఉన్న ఏ.టి.పి. క్రమంగా తరిగిపోతుంది. అది అడుగంటినప్పుడు రెండు రకాల పోగులు ఒకదానికొకటి బిగుసుకొని విడిపోలేని స్థితికి చేరుతాయి. దీనినే మరణకాఠిన్యం అంటారు. చేప కొయ్యబారిందని జనవ్యవహారంలో చెప్పేది ఈ స్థితినే.

ఈ దశలో కండరం పొడవు తగ్గడానికి ప్రయత్నిస్తుంది. పూర్తి చేపలో వెన్నెముక ఆ లాగుడును చాలావరకు అడ్డుకొంటుంది. అందువల్లనే ఎముక తీసిన తాజా కండముక్క ఎక్కువగా ముడుచుకొంటుంది, పూర్తి చేప స్వల్పంగానే కుదించుకొంటుంది. కాని కాఠిన్యం శరీరమంతటా ఒకేసారి రాదు. ఒక పక్క ముందుగా బిగిస్తే చేప వంగుతుంది. వంగిన చేపను కొలబల్లపై చదునుగా పరచడం కుదరదు. బలవంతంగా చాపితే కండరం చిట్లుతుంది, చాపకుండా కొలిస్తే పొడవు తక్కువగా వస్తుంది.

కాఠిన్యం ఎప్పుడు మొదలవుతుందన్నది జాతిని బట్టి, నీటి వేడిమిని బట్టి, పట్టుబడే ముందు చేప ఎంతగా కొట్టుకొన్నదన్న దానిని బట్టి మారుతుంది. వలలో చాలాసేపు పెనుగులాడిన చేప తన శక్తిని ముందే ఖర్చు చేసుకొంటుంది కనుక త్వరగా కొయ్యబారుతుంది. ఒక్క పెట్టున ప్రాణం తీసిన చేపలో ఆ దశ ఆలస్యంగా వస్తుంది. అంటే ఒకే చెరువులో ఒకే రోజు పట్టిన రెండు సమానమైన చేపలు కొన్ని గంటల తరువాత సమానంగా ఉండకపోవచ్చు.

కొంతకాలానికి కండరంలోని ఎంజైముల చర్య వల్ల కాఠిన్యం సడలుతుంది. పొడవు కొంత తిరిగి వస్తుంది గాని మొదటి కొలతకు పూర్తిగా చేరుతుందని చెప్పలేము. ఈలోగా ఇతర మార్పులు తోడవుతాయి. గాలికి ఆరిన చేప నీటిని కోల్పోతుంది. తోకరెక్క అంచులు ఎండి ముడుచుకొంటాయి, రవాణాలో విరుగుతాయి. గడ్డకట్టించి నిలువచేసినప్పుడు కండరంలోని నీరు మంచుపలుకులుగా మారి కణాల అమరిక చెదురుతుంది. మంచులోనో గడ్డకట్టించో ఉంచిన పూర్తి చేపలలో తరుగుదల సాధారణంగా పొడవులో ఒకటి నుంచి నాలుగు శాతం వరకు కనిపిస్తుంది. లేత పిల్లలలో ఎముక గట్టిపడి ఉండదు, నీటిపాలు ఎక్కువ. కనుక వాటిలో, ముఖ్యంగా ఫార్మాలిన్ వంటి ద్రావణాలలో భద్రపరచినప్పుడు, ఈ శాతం మరింత పెరుగుతుంది.

3. పొడవు అన్న పదానికి గల అర్థాలు

మత్స్యశాస్త్రంలో పొడవు అనేది ఒకటి కాదు. మూతి కొన నుంచి తోకరెక్క చివరి వరకు కొలిస్తే అది మొత్తం పొడవు. తోకరెక్క మధ్యలో చీలిన చోటు వరకు కొలిస్తే చీలిక పొడవు. తోకరెక్కను వదిలి వెన్నెముక ముగిసే చోటు వరకు కొలిస్తే ప్రామాణిక పొడవు. బొచ్చె, రవ్వ వంటి లోతుగా చీలిన తోక గల చేపలలో ఈ మూడు కొలతల మధ్య తేడా స్పష్టంగా ఉంటుంది. కొరమీను తోక గుండ్రంగా ఉంటుంది కనుక దానికి చీలిక పొడవు అన్న భావనే వర్తించదు.

మొత్తం పొడవును కొలిచేటప్పుడు కూడా తోకరెక్కను సహజంగా విడిచి కొలవాలా, రెండు పాయలను దగ్గరికి నొక్కి కొలవాలా అన్న ప్రశ్న వస్తుంది. నొక్కితే పొడవు పెరుగుతుంది. నోరు తెరచుకొని కొయ్యబారిన చేపకు, నోరు మూసిన చేపకు మధ్య మరికొంత తేడా. ఈ వివరాలను చెప్పకుండా చేప పొడవు ఇంత ఉండాలి అని మాత్రమే రాస్తే ఆ వాక్యం వ్యాకరణరీత్యా సంపూర్ణమే, శాస్త్రరీత్యా అసంపూర్ణం.

తరుగుదల ప్రభావం ఈ కొలతలపై సమానంగా పడదు. తోకరెక్క అంచుల నష్టం మొత్తం పొడవును ఎక్కువగా తగ్గిస్తుంది. చీలిక పొడవుపై దాని ప్రభావం స్వల్పం. ప్రామాణిక పొడవుకు ఆ నష్టం అసలే తగలదు. కాని ప్రామాణిక పొడవు కొలవడానికి వెన్నెముక ముగింపును గుర్తించే అనుభవం కావాలి. అంగడిలో తనిఖీ చేసేవారికి, వలవేసేవారికి మొత్తం పొడవే సులభం. సులభమైన కొలతే త్వరగా మారిపోయే కొలత కావడం ఇక్కడి చిక్కు.

4. కనీసపొడవు నియమం వెనుక గల తర్కం

కనీసపొడవు నియమానికి రెండు ప్రయోజనాలున్నాయి. మొదటిది సంతానరక్షణ. ప్రతి చేప కనీసం ఒక్కసారైనా గుడ్లు పెట్టిన తరువాతనే పట్టుబడాలన్నది దీని ఉద్దేశం. ఒక జాతిలో సగం చేపలు ఏ పొడవు వద్ద పక్వదశకు వస్తాయో గుర్తించి, ఆ పొడవును ఆధారంగా తీసుకొంటారు. రెండవది వృద్ధిరక్షణ. వేగంగా పెరుగుతున్న దశలో చేపను పట్టివేస్తే మరికొన్ని నెలలలో రాగల బరువును కోల్పోయినట్లే. గుడ్ల సంగతి ఎలా ఉన్నా, ఆదాయం కోసమైనా ఆగాలన్నది దీని ఉద్దేశం.

భారతదేశంలో ఈ నియమాలు ప్రధానంగా సముద్రచేపలకు, వలసచేపలకు సంబంధించి కనిపిస్తాయి. కేరళ ప్రభుత్వం 2015లో 14 రకాలకు కనీసపరిమాణాన్ని ప్రకటించి, తరువాత ఆ జాబితాను 58 రకాలకు విస్తరించింది. అందులో నూనెకవళ్లకు 10 సెంటీమీటర్లు, కానాగంతకు 14 సెంటీమీటర్లు కనీసపొడవుగా ఉన్నాయి. గోదావరిలో పులసగా తెలుగువారికి పరిచితమైన ఇలిష చేప విషయంలో పశ్చిమబెంగాల్ 23 సెంటీమీటర్లను హద్దుగా పెట్టింది. ఐరోపా సమాఖ్య నియమాలు మూతి కొన నుంచి తోకరెక్క చివరి వరకు కొలవాలని నిర్దేశించి, ఆ తరువాతనే అంకెలను ఇస్తాయి.

ఇప్పుడు తరుగుదలను ఈ అంకెల పక్కన పెట్టి చూడవలసి ఉంది. నీటి నుంచి తీసినప్పుడు 232 మిల్లీమీటర్లున్న ఇలిష, మంచులో రెండు శాతం కుదిస్తే 227 మిల్లీమీటర్ల దగ్గర నిలుస్తుంది. పట్టినవాడు నియమాన్ని పాటించాడు. తనిఖీ చేసినవాడు కూడా సరిగానే కొలిచాడు. ఇద్దరిలో ఎవరూ తప్పు చేయకుండానే నేరం నమోదయ్యే స్థితి ఏర్పడింది.

ఈ చిక్కు శాస్త్రజ్ఞుల వైపు కూడా ఉంది. పక్వదశ పొడవును నిర్ణయించడానికి సేకరించే నమూనాలు తరచుగా రేవులలో, అంగళ్లలో దొరికే మంచుచేపలే. రెండు శాతం కుదించిన నమూనాల ఆధారంగా 300 మిల్లీమీటర్లు అని నిర్ణయిస్తే, సజీవమైన చేపకు అది 306 మిల్లీమీటర్లకు సమానం. ఆ 300 అంకెను పడవపై సజీవమైన చేపకు వర్తింపజేస్తే, ఇంకా పక్వానికి రాని చేపలకు అనుమతి ఇచ్చినట్లవుతుంది. ఒకచోట మత్స్యకారునికి నష్టం, మరొకచోట చేపకు నష్టం. బరువు విషయంలో దోషం మరింత పెరుగుతుంది. చేప బరువు సుమారుగా పొడవు యొక్క ఘనానికి అనుగుణంగా ఉంటుంది కనుక, పొడవులో రెండు శాతం లోపం బరువు అంచనాలో దాదాపు ఆరు శాతం లోపంగా మారుతుంది.

5. ఓరుగల్లు చెరువులలో ఈ నియమం

సముద్రం కోసం ఏర్పడిన తర్కాన్ని చెరువుకు యథాతథంగా అన్వయించడం కుదరదు. బొచ్చె, రవ్వ, మోసు జాతులు వానకాలపు నదీప్రవాహాలలో గుడ్లు పెడతాయి. నిలకడ నీటి చెరువులలో సాధారణంగా పెట్టవు. 1957 జూలై 10న ఒడిశాలో హీరాలాల్ చౌధురి పీయూషగ్రంథి సారాన్ని ఎక్కించి కార్పు చేపల చేత గుడ్లు పెట్టించడంలో విజయం సాధించిన తరువాతనే చెరువులకు కావలసిన పిల్లలను కేంద్రాలలో ఉత్పత్తి చేయడం సాధ్యమైంది. ఆ రోజునే జాతీయ మత్స్యరైతు దినోత్సవంగా పాటిస్తున్నారు. కాబట్టి చెరువులోని బొచ్చెకు సంతానరక్షణ అన్న ప్రయోజనం దాదాపుగా లేదు. ఉన్నది వృద్ధిరక్షణ మాత్రమే. చిన్న బొచ్చెను పట్టడం వల్ల జాతికి ముప్పు రాదు. సంఘం సభ్యుల రాబడికే ముప్పు.

ఇక్కడ పొడవు మొట్టమొదట ఎదురయ్యేది వేట సమయంలో కాదు, పిల్లలను చెరువులో వదిలే సమయంలో. తెలంగాణ ప్రభుత్వం 2016–17 నుంచి అమలు చేస్తున్న ఉచిత చేపపిల్లల పంపిణీలో రెండు పరిమాణాలున్నాయి. ఏడాది పొడవునా నీరుండని చెరువులకు 35–40 మిల్లీమీటర్ల పిల్లలు, నీరు నిలిచే పెద్ద చెరువులకు, జలాశయాలకు 80–100 మిల్లీమీటర్ల పిల్లలు. పిల్ల పెద్దదైతే శత్రుజీవుల బారి నుంచి తప్పించుకొనే అవకాశం ఎక్కువ. అందువల్ల పొడవు ఇక్కడ నేరుగా దిగుబడిని నిర్ణయించే అంశం.

ఈ పరిమాణాల వద్ద ఒక్కొక్క మిల్లీమీటరుకు విలువ ఉంది. 82 మిల్లీమీటర్ల పిల్ల చనిపోయి మూడు శాతం కుదిస్తే 79.5కు దిగుతుంది. 36 మిల్లీమీటర్ల పిల్ల 34.9కు దిగుతుంది. దూరప్రయాణంలో కొన్ని పిల్లలు చనిపోవడం సహజం. కట్టపై పరీక్ష కోసం ఆ చచ్చిన పిల్లలను ఏరి కొలిస్తే సరఫరాదారుకు అన్యాయం జరుగుతుంది. మరోవైపు, తరుగుదలను సాకుగా చూపి నిజంగానే చిన్నవైన పిల్లలను దించితే సంఘానికి అన్యాయం. రెండింటికీ పరిష్కారం ఒక్కటే. బతికి ఉన్న పిల్లలనే నమూనాగా తీసి, తడి బల్లపై కొలిచి, వెంటనే నీటిలో వదలాలి. అప్పుడు ఏ పక్షానికీ సాకు మిగలదు.

కొరమీను సంగతి వేరు. తెలంగాణ రాష్ట్రచేపగా ప్రకటితమైన ఈ జాతి చెరువులలోనే గుడ్లు పెడుతుంది. కలుపుమొక్కల మధ్య గూడు కట్టుకొని, పిల్లల గుంపును తల్లిదండ్రులు కాపాడుకొంటాయి. గాలిని నేరుగా పీల్చగల శక్తి ఉండటం వల్ల నీరు తక్కువైనా చాలాసేపు బతుకుతుంది. అంగడిలో బొచ్చె, రవ్వ మంచుపై కనిపిస్తే, కొరమీను తొట్టిలో సజీవంగా కనిపిస్తుంది. అంటే ఒకే అంగడిలో ఒకే రోజు తనిఖీ జరిగినా కొరమీనుకు సజీవమైన పొడవు, బొచ్చెకు మృతమైన పొడవు నమోదవుతాయి. రెండింటికీ ఒకే రకమైన కొలబద్దను వర్తింపజేస్తే బొచ్చె పట్టినవానికి తెలియకుండానే శిక్ష పడుతుంది.

కొరమీను కనీసపొడవు నియమానికి ఉన్న మరొక పరిమితిని కూడా చూపుతుంది. పిల్లలను కాస్తున్న పెద్ద చేప పొడవు రీత్యా పట్టదగినదే. కాని దానిని పట్టితే కాపలా లేని పిల్లల గుంపు ఇతర చేపల పాలవుతుంది. మృగశిర కార్తె నాడు చేప తినే ఆచారం వల్ల జూన్ మొదటి పక్షంలో గిరాకీ ఒక్కసారిగా పెరుగుతుంది. వానలు మొదలై చేపలు గుడ్లకు సిద్ధమయ్యే కాలం కూడా అదే. ఈ సందర్భంలో పొడవు కంటె కాలమే సరైన హద్దు. తూర్పుతీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల పాటు యాంత్రిక పడవల వేటను నిషేధించడం వెనుక ఉన్న ఆలోచన ఇదే.

6. వల కన్ను: నీటిలోనే జరిగే కొలత

1897 నాటి భారత మత్స్యచట్టం పేలుడుపదార్థాలతో, విషంతో చేపలను చంపడాన్ని నిషేధించింది. వలల కొలతలను, వాటిని వాడే తీరును నియంత్రించే అధికారాన్ని ప్రభుత్వాలకు ఇచ్చింది. చేపను కొలవడానికి బదులు వలను కొలవడం ఈ పద్ధతిలోని విశేషం. తెలుగులో వలలోని రంధ్రాన్ని కన్ను అంటారు. కన్ను పెద్దదైతే చిన్న చేప తప్పించుకొంటుంది. ఆ ఎంపిక నీటిలోనే, చేప బతికి ఉండగానే జరుగుతుంది. మరణానంతర తరుగుదలకు ఇక్కడ చోటే లేదు.

కనీసపొడవు నియమంలో చిన్న చేప పట్టుబడిన తరువాత గాని తెలియదు. అప్పటికే అది చనిపోయి ఉంటే తిరిగి నీటిలో పారవేయడం వల్ల చేపకు మేలు లేదు, మనిషికి ఆహారమూ లేదు. ఐరోపా సమాఖ్య 2013 నాటి సంస్కరణలో నిర్ణీత జాతుల చిన్న చేపలను కూడా ఒడ్డుకు తేవాలనీ, వాటిని నేరుగా మనుషుల ఆహారంగా అమ్మరాదనీ నియమం పెట్టడానికి ఈ వృథాయే కారణం.

అయితే వల కన్ను కూడా కొలత విషయంలో పూర్తిగా నిర్దోషి కాదు. నూలు వల తడిస్తే బిగుసుకొనేది. నైలాను వచ్చిన తరువాత ఆ మార్పు తగ్గినా, ముడులు బిగిసే కొద్దీ కన్ను కొంత మారుతుంది. అందువల్ల వలను తడిపి, కంటిని నిలువుగా లాగి, ముడి నుంచి ముడి వరకు కొలవాలని నియమంలోనే చెప్పాలి. పైగా కన్ను నిర్ణయించేది చేప పొడవును కాదు, చుట్టుకొలతను. బొద్దుగా ఉండే బొచ్చె పట్టుబడిన వలలో అంతే పొడవున్న సన్నని వాలుగ జారిపోవచ్చు. పలు జాతులు కలిసి పెరిగే చెరువులో ఏ జాతిని దృష్టిలో పెట్టుకొని కన్నును నిర్ణయించారన్నది స్పష్టం కావాలి.

7. నియమపాఠంలో ఉండవలసిన స్పష్టత

శాస్త్రనియమాలు తెలుగులోకి వచ్చేటప్పుడు అంకెలు భద్రంగా వస్తాయి, నిర్వచనాలు జారిపోతాయి. కరపత్రంలో స్థలం చాలదనో, చదివేవారికి అవసరం లేదనో కొలిచే పద్ధతిని వదిలివేస్తారు. ఆ వదిలిన భాగమే వివాదం వచ్చినప్పుడు మత్స్యకారునికి ఆధారం కావలసిన భాగం. పొడవును నిర్దేశించే ఏ తెలుగు పాఠమైనా నాలుగు అంశాలను తప్పక చెప్పాలి. ఏ బిందువు నుంచి ఏ బిందువు వరకు కొలవాలి అన్నది మొదటిది. చేప సజీవమా, తాజా మృతమా, మంచులో ఉంచినదా అన్నది రెండవది. పట్టిన చోట కొలవాలా, అంగడిలో కొలవాలా అన్నది మూడవది. మృతమైన చేపకు ఎంత తరుగును మినహాయించాలి అన్నది నాలుగవది.

ఈ నాలుగవ అంశాన్ని తనిఖీ చేసేవారి దయకు వదలకూడదు. జాతివారీగా పరిశీలించి నిర్ణయించిన మినహాయింపు నియమంలోనే ఉండాలి. అది దయాభిక్షగా కాక హక్కుగా అందాలి. అదే సమయంలో మినహాయింపు ఉదారంగా పెరిగితే చిన్న చేపల వేటకు దారి తీస్తుంది కనుక, దానికి ఆధారమైన కొలతలు స్థానిక చేపల నుంచే రావాలి. బొచ్చె, రవ్వ, మోసు జాతులను పట్టిన వెంటనే ఒకసారి, కొయ్యబారినప్పుడు ఒకసారి, మంచులో ఒక రోజు ఉంచిన తరువాత ఒకసారి కొలవడం ఏ కళాశాల జంతుశాస్త్ర విభాగానికైనా సాధ్యమైన పని. కొలబల్ల, మంచుపెట్టె, ఓపిక ఉంటే చాలు.

8. ముగింపు

చేప పొడవు ఒక స్థిరమైన గుణం కాదు. అది చేపకూ, దానిని కొలిచే స్థలకాలాలకూ మధ్య ఏర్పడే సంబంధం. ప్రాణం పోయిన తరువాత కండరం బిగియడం, నీరు తరగడం, రెక్కల అంచులు విరగడం వల్ల ఆ కొలత స్వల్పంగానైనా మారుతుంది. ఆ స్వల్పభేదమే హద్దు దగ్గర ఉన్న చేపకు చట్టబద్ధతను, పట్టినవానికి ఆ రోజు కూలిని నిర్ణయిస్తుంది. ఓరుగల్లు చెరువుల విషయంలో పిల్లలను వదిలేటప్పుడు బతికి ఉండగా కొలవడం, పట్టేటప్పుడు వల కన్నును కొలవడం, కొరమీను వంటి జాతులకు కాలాన్ని హద్దుగా పెట్టడం అంగడిలో చచ్చిన చేపను కొలవడం కంటె న్యాయమైన మార్గాలు. అంగడిలో కొలవక తప్పని చోట తరుగును ముందే లెక్కించి నియమంలో రాయాలి. ఆ రాత కూడా వలవేసే మనిషి చదివి తన చేతిలోని చేపకు అన్వయించుకోగల తెలుగులో ఉండాలి.